ఆడేది మనమే, ఆట మాత్రం వాళ్లది

మన కాపీరైట్ చట్టంలో పాములవాడున్నాడు. వేళాకోళానికి అనడం లేదు. 1957 నాటి ఆ చట్టాన్ని 1994లో సవరించినప్పుడు, ప్రదర్శకుడంటే ఎవరో విడమరిచి రాశారు. నటుడు, గాయకుడు, వాద్యకారుడు, నాట్యం చేసేవాడు, పల్టీలు కొట్టేవాడు, బంతులు ఎగరేసి పట్టేవాడు, ఇంద్రజాలం చేసేవాడు, పాముల్ని ఆడించేవాడు, ఉపన్యాసం దంచేవాడు. ఇంతమందిని చెప్పాక కూడా ఎవరైనా మిగిలిపోయారేమోనని అనుమానం వచ్చినట్టుంది, చివర్లో 'ప్రదర్శన ఇచ్చే మరెవరైనా' అని ఓ తలుపు ఓరగా తీసిపెట్టారు. వీళ్లందరికీ తమ ప్రదర్శన మీద కొన్ని హక్కులుంటాయి. ఇప్పుడు వాటి ఆయుష్షు 50 ఏళ్లు.

ఆ ఓర తలుపులోంచి మా మేనల్లుడు లోపలికి దూరగలడా అన్నది నాకు చాన్నాళ్లుగా ఉన్న సందేహం. వాడు పాముల్ని ఆడించడు, వీడియో గేములు ఆడతాడు. ఆడుతూ మాట్లాడతాడు. ఆ ఆటనీ ఈ మాటనీ కలిపి ఇంటర్నెట్‌లో పెడతాడు. తెనాలిలో మా అక్కావాళ్ల మేడమీది గది వాడి స్టూడియో. చప్పుడు బయటికి పోకుండా గోడలకి కోడిగుడ్ల అట్టలు అంటించాడు. కుర్చీ వెనక రంగులు మారే లైట్లు. కింద మా బావ న్యూస్ ఛానెల్ కట్టేశాక గానీ పైన మైకు వెయ్యడు. ఇక అక్కణ్ణుంచి, "వస్తన్నాడు మామా వస్తన్నాడు, మెట్ల కిందున్నాడు, కదలమాక, కదలమాకన్నానా... అయిపాయె!" అంటూ అర్ధరాత్రి దాకా ఒకటే గోల. ఆ గోలకి కరీంనగర్ నించి కువైట్ దాకా అభిమానులున్నారు.

మా అక్క ఒకసారి కూరగాయలు తరుగుతూ అడిగింది. "ఎవరో చేసిన ఆట. వీడు దాన్ని ఆడి ఊరందరికీ చూపిస్తాడు. పైగా డబ్బులొస్తాయంటాడు. ఆ చేసినవాళ్లు ఏమీ అనరా?" చట్టం చదివినవాళ్లు చుట్టూ తిరిగి వచ్చేదీ ఈ ప్రశ్న దగ్గరికే. అనొచ్చు. తల్చుకుంటే రేపే అనొచ్చు. అనడం లేదంతే.

ఒక వీడియో గేమ్‌ను విప్పి చూస్తే అందులో ఒక ఆస్తి కాదు, ఓ ఉమ్మడి కుటుంబమే ఉంటుంది. లోపలి ప్రోగ్రాం మన చట్టం లెక్కలో 'సాహిత్య కృతి'. కవిత్వం, నవల కూర్చున్న అరుగు మీదే కంప్యూటర్ ప్రోగ్రామూ కూర్చుంటుంది. మన సాహిత్య సభల్లో ఈ సంగతి ఎవరూ ప్రస్తావించగా వినలేదు. తెర మీద కదిలే బొమ్మలు సినిమా పరిధిలోకి వస్తాయి. గీసిన బొమ్మలు చిత్రకళ, వినిపించేది సంగీతం, పాత్రల సంభాషణలు మళ్లీ సాహిత్యం. వీటిలో దేన్నైనా నలుగురికీ చూపించే హక్కు యజమానిది. మనం మూడు నాలుగు వేలు పోసి కొన్నది ఆడుకునే అనుమతిని మాత్రమే. ఇంట్లో చూడమని కొనిచ్చిన సినిమా డిస్కును ఊరి సెంటర్లో తెర కట్టి వెయ్యకూడదని మనకి తెలుసు. ఇదీ అదే పద్దు.

మరి ఆడినవాడి వాటా ఏమిటి? ఈ ప్రశ్న అమెరికా కోర్టుల ముందుకి నలభై ఏళ్ల కిందటే వచ్చింది. అవి నాణెం వేసి ఆడే పెట్టెల కాలం. కోనామీ వాళ్ల 'స్క్రాంబుల్' ఆటను వేరేవాళ్లు నకలు కొట్టారు. పట్టుబడ్డాక వాళ్లు చేసిన వాదన భలే తెలివైనది: ఆడిన ప్రతిసారీ తెర మీద వేరే బొమ్మ వస్తుంది, ఆ బొమ్మని పుట్టించేది ఆటగాడు, అలాంటప్పుడు దాని మీద కంపెనీకి కాపీరైట్ ఎక్కడిది? 1982లో కోర్టు ఒప్పుకోలేదు. ఎవరు ఎలా ఆడినా అవే ఓడలు, అవే చప్పుళ్లు, అదే వరస మళ్లీ మళ్లీ వస్తున్నాయి కదా, కాబట్టి అది కంపెనీదే అంది. మరుసటేడు ఇంకో కేసులో, 'గెలాక్సియన్' ఆట గురించి, ఇంకో కోర్టు మరో అడుగు ముందుకేసింది. ఆటగాడు చేసే పని నవల రాయడం, బొమ్మ గీయడం లాంటిది కాదు, టీవీలో ఛానెల్ మార్చడం లాంటిదని తేల్చింది.

ఛానెల్ మార్చడం! ఆ మాట చదివినప్పుడు నాకు మా వాడి చేతులు గుర్తొచ్చాయి. ఎడమ చేతి నాలుగు వేళ్లూ కీబోర్డు మీద ఒకదాన్నొకటి తోసుకుంటుంటాయి. కుడిచేతి మణికట్టు మౌస్‌ని వెంట్రుకవాసి కదిపి ఆపుతుంది. తెర మీద గోడ పక్కన నీడ కదిలినట్టు నాకింకా అనిపించకముందే వాడు కాల్చేసి ఉంటాడు. దీన్ని ఛానెల్ మార్చడం అంటే చదరంగం బల్ల చేసిన వడ్రంగే ఎత్తులన్నిటికీ కర్త అనాల్సి వస్తుంది. అయితే ఆ న్యాయమూర్తుల్ని మరీ తప్పుపట్టలేను. వాళ్ల ముందున్నది నకిలీ బోర్డులు అమ్ముకునే వ్యాపారులు. ఆట ఆడుతూ తన గొంతుతో లోకాన్ని పలకరించే మనిషి అప్పటికి పుట్టలేదు. కానీ ఆనాడు వాళ్లు గీసిన గీతే ఈనాటికీ నిలిచి ఉంది.

మనవైపు ఈ గొడవ తెలియనిది కాదు. 2017 మార్చిలో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం అమెరికాలో కచేరీలు చేస్తుండగా ఇళయరాజా తరఫు లాయరు నోటీసు వచ్చింది, తన పాటలు అనుమతి లేకుండా పాడొద్దని. తెలుగిళ్లలో ఆ వారం భోజనాల దగ్గర వేరే చర్చ లేదు. పాడిన గొంతుకే పాట మీద హక్కు లేదా అని ఒకరు, కూర్చినవాడు లేకపోతే గొంతు ఏం పాడేదని ఇంకొకరు. బాలు తగవుకి పోకుండా, ఆ పాటలు పక్కనపెట్టి మిగతావి పాడుతూ యాత్ర పూర్తి చేస్తానన్నారు. తర్వాత ఇద్దరూ కలిసిపోయారనుకోండి. కానీ అంత గొంతుకీ అనుమతి కావాల్సొచ్చినప్పుడు మేడమీది గదిలో మా వాడెంత?

అయినా వాడి దుకాణం నడుస్తోంది. ఎలా నడుస్తోందో తెలియాలంటే నింటెండో సంగతి చూడాలి. మారియోని కన్న ఈ జపాన్ కంపెనీకి తన పిల్లల మీద మమకారం కాస్త ఎక్కువ. 2013లో యూట్యూబ్‌లో జనం తమ ఆటలాడి పెట్టిన వీడియోల మీద హక్కు ప్రకటించి, వాటి ప్రకటనల డబ్బు తమ ఖాతాలోకి మళ్లించుకోవడం మొదలుపెట్టింది. వీడియోలు తీసెయ్యలేదు, డబ్బు మాత్రం తీసుకుంది. జనం గగ్గోలు పెట్టారు. 2015లో రాజీగా ఒక పథకం తెచ్చింది: మీ వీడియోని మా దగ్గర నమోదు చేసుకోండి, ప్రకటనల ఆదాయంలో 60 శాతం మీకు, ఛానెల్ మొత్తం మా ఆటలకే రాసిస్తే 70 శాతం. ఆ లెక్కలు, ఆ అర్జీలు, ఏ ఆటలకి వర్తిస్తుందో చెప్పే జాబితాలు, అదో తహశీల్దారు కచేరీలా తయారైంది. 2018 చివర్లో దాన్ని ఎత్తేసి, ఒక పేజీ మార్గదర్శకాలు పెట్టి, ఇక మీ డబ్బు మీరే ఉంచుకోండంది. ఒక షరతు మాత్రం పెట్టింది. వీడియోలో మీ సొంత సృజన ఉండాలి, మీ వ్యాఖ్యానం ఉండాలి. ఆటని ఉన్నదున్నట్టు ఎక్కించకూడదు. కన్సోల్ మీది బటన్ నొక్కి తీసే 30 సెకన్ల ముక్కల్లాంటి వాటికి మినహాయింపు.

ఆ షరతు చదివి నవ్వొచ్చింది. ఈ లెక్కన నోరు మూసుకుని, ఒక్క తప్పు లేకుండా, చూసి నేర్చుకోదగ్గట్టు ఆడినవాడు దోషి. పది నిమిషాలకోసారి గోతిలో పడి, పడ్డప్పుడల్లా "ఓర్నాయనో" అని అరిచినవాడు సృజనకారుడు. మా వాడి కేసు గట్టిదే, వాడి నోరు ఆగదు. పైగా తెలుగులో వాగుతాడు. ఇంగ్లీషూ జపనీసూ రాని పిల్లలకి ఆ కథేమిటో, ఆ తలుపు ఎందుకు తెరుచుకోలేదో చెప్పే దుబాసీ వాడే. కంపెనీ తెలుగులో ఆట చెయ్యదు, చేసే ఉద్దేశమూ ఉన్నట్టు లేదు. ఆ లోటు వీళ్లే పూడుస్తున్నారు.

నింటెండో ఒక్కటే కాదు. మైక్రోసాఫ్ట్ 2007లోనే ఇలాంటి నియమాలు రాసిపెట్టింది. దానికి నాలుగేళ్ల ముందు కొందరు కుర్రాళ్లు 'హేలో' ఆటలోని సైనికులనే పాత్రలుగా పెట్టి 'రెడ్ వర్సెస్ బ్లూ' అనే హాస్య ధారావాహిక తీశారు. అది పేరు తెచ్చుకుంటే కంపెనీ కేసు వెయ్యలేదు సరికదా, కానివ్వండంది. మైన్‌క్రాఫ్ట్ వాళ్లు ఇంకా ఉదారులు. వాల్వ్ వాళ్లు ప్రకటనల డబ్బు తీసుకోండి గానీ వీడియో చూడ్డానికే రుసుం పెట్టొద్దన్నారు. అందరికీ అర్థమైంది ఏమిటంటే, కుర్రాళ్లు ఆడి చూపించడం కంటే చవకైన ప్రచారం లేదు. ప్లేస్టేషన్ 4 వచ్చినప్పుడు, 2013లో, చేతిలో పట్టుకునే కంట్రోలరు మీదే 'షేర్' అని బటన్ పెట్టి ఇచ్చారు. చట్టం ప్రకారం అడగాల్సిన అనుమతి బొటనవేలి కిందికి వచ్చేసింది.

ఇంత ఉదారంగా ఉంటే ఇక ఇబ్బందేమిటంటే, ఊళ్లో ఉన్నవాళ్లకి తెలిసిన ఉపమానమే చెబుతాను. పక్కవాడి పొలం గట్టు మీంచి మన చేలోకి నడిచి వెళ్తాం. ఆయన చూస్తాడు, ఏమీ అనడు. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం ఇరవై ఏళ్లు అడ్డూ ఆపూ లేకుండా, హక్కుగా నడిస్తే అది మన దారి అవుతుంది. కానీ ఆయనే గనక మొదట్లో "నడవండి బాబూ, నాకేం అభ్యంతరం లేదు" అని ఉంటే? అప్పుడు ఇరవై కాదు, అరవై ఏళ్లు నడిచినా ఆ బాట మనది కాదు. ఆయన దయ అవుతుంది. ఏ రోజైనా కంచె వేసుకోవచ్చు. గేమ్ కంపెనీల మార్గదర్శకాల పేజీలన్నీ ఆ మర్యాద మాటలే. చదవడానికి వరమిచ్చినట్టుంటాయి, చివరి పేరాలో మాత్రం ఈ అనుమతిని ఎప్పుడైనా మార్చుకునే, వెనక్కి తీసుకునే అధికారం మాకుందని ఉంటుంది. ఆ చివరి పేరాని అలవాటుగా రాసిందని నేననుకోను.

కంచె వేసిన రోజులూ ఉన్నాయి. 2013 జులైలో లాస్ వెగాస్‌లో 'ఈవో' అనే పెద్ద పోటీల్లో 'సూపర్ స్మాష్ బ్రదర్స్ మెలీ' ఆటని చేర్చడానికి అభిమానులు రొమ్ము కేన్సర్ పరిశోధనకి 94 వేల డాలర్ల పైచిలుకు విరాళం పోగుచేశారు. ఎక్కువ విరాళం తెచ్చిన ఆటకి చోటిస్తామని నిర్వాహకులు పెట్టిన పందెం అది. తీరా పోటీ ముంచుకొచ్చాక, ఆ ఆటని ప్రత్యక్ష ప్రసారం చెయ్యడానికి వీల్లేదంది నింటెండో. కొన్ని గంటలు ఇంటర్నెట్ అంతా అట్టుడికింది. ఆ గంటల్లోనే కంపెనీ మనసు మార్చుకుంది. మంచిదే. కానీ హక్కయితే ఎవరి మనసు మారాలని ఎదురుచూడనక్కర్లేదు కదా.

2017లో జరిగింది ఇంకా చిక్కుది. 'ఫైర్‌వాచ్' అని ఒక అందమైన ఆట. చేసిన బృందం తమ సైట్‌లోనే రాసింది, ఆడి చూపించుకోండి, డబ్బు చేసుకోండి, మాకు సంతోషమే అని. యూట్యూబ్‌లో అప్పటికి అందరికంటే ఎక్కువ అనుచరులున్న ప్యూడీపై కూడా దాన్ని ఆడి పెట్టాడు. ఆ సెప్టెంబరులో అతను వేరే ఆటని ప్రత్యక్షంగా ఆడుతూ నల్లజాతివారిని కించపరిచే ఓ బండబూతు వాడాడు. ఫైర్‌వాచ్ బృందానికి ఒళ్లు మండింది. మా ఆట మీద ఇతను సంపాదించడం ఇష్టం లేదని, కాపీరైట్ కింద అతని వీడియోని తీసేయించారు. బూతుని వెనకేసుకొచ్చే ఉద్దేశం నాకు లేదు, వాళ్ల కోపంలో న్యాయముంది. అయితే తప్పు జరిగింది ఒక ఆటలో, శిక్ష పడింది వేరే ఆట వీడియోకి, వాడిన ఆయుధం నకళ్లని అడ్డుకోవడానికి పుట్టిన చట్టం. మంచివాడి చేతిలో పనిచేసిన కత్తి చెడ్డవాడి చేతిలోనూ అంతే పదునుగా తెగుతుంది.

తెగింది కూడా. 2013 అక్టోబరులో 'డే వన్: గ్యారీస్ ఇన్సిడెంట్' అనే ఆట నాసిరకంగా ఉందని టోటల్‌బిస్కట్ అనే పేరున్న విమర్శకుడు వీడియో చేస్తే, కంపెనీ దాన్ని కాపీరైట్ పేరుతో తీసేయించింది. సమీక్షించమని ఆట పంపిందీ వాళ్లే. ఇతను ఊరుకోలేదు, జరిగిందంతా చెప్తూ ఇంకో వీడియో పెట్టాడు, నవ్వులపాలయ్యాక కంపెనీ వెనక్కి తగ్గింది. అతనికి లక్షల మంది వెనకున్నారు కాబట్టి సరిపోయింది. మా వాడి లాంటి చిన్న ఛానెల్‌కి అలా జరిగితే తెనాలి దాటి ఎవరికీ తెలియదు.

ఈ విషయంలో నా అభిప్రాయం ఒకటుంది, దాన్ని మెత్తబరచను. విమర్శకి అనుమతి అడగడమే అవమానం. సినిమా బాగాలేదని రాయడానికి నిర్మాత సంతకం తెచ్చుకోం కదా. మన చట్టంలో 52వ సెక్షను కూడా అదే చెబుతుంది: సొంత వాడకానికి, విమర్శకి, సమీక్షకి, వర్తమాన విషయాల వార్తలకి న్యాయంగా వాడుకుంటే ఉల్లంఘన కాదు. కానీ ఆ వాక్యంలోనే ఓ మెలిక పెట్టారు. 'కంప్యూటర్ ప్రోగ్రాం కాని' ఏ కృతికైనా ఈ వెసులుబాటు వర్తిస్తుందట. ఇప్పుడు చెప్పండి, తెర మీద పరిగెడుతున్న మారియో సినిమానా, ప్రోగ్రామా? తెర మీది బొమ్మా చప్పుడూ సినిమా కిందికే వస్తాయని, ప్రోగ్రాం అంటే లోపలి రాతేనని వాదించొచ్చు. నేనైతే అలాగే వాదిస్తాను. ఆ వాదన వినిపించడానికి కోర్టు దాకా వెళ్లే స్తోమత ఎవరికుందన్నదే తేలని విషయం.

అసలు పోరాటం కోర్టు దాకా పోదు, అడ్డుకునే పద్ధతి దగ్గరే ఆగిపోతుంది. మన 2013 నాటి నియమాల ప్రకారం రాతపూర్వకంగా ఫిర్యాదు అందితే 36 గంటల్లో ఆ వీడియో జనానికి కనబడకుండా చెయ్యాలి, 21 రోజుల్లో ఫిర్యాదుదారు కోర్టు ఉత్తర్వు తేకపోతే మళ్లీ పెట్టెయ్యొచ్చు. వినడానికి బాగానే ఉంది. కానీ పెద్ద వేదికలన్నీ అమెరికావి, నడిచేది 1998 నాటి అమెరికా చట్టం మీద. నా వీడియో తప్పుగా తీశారని తిరిగి జవాబివ్వాలంటే నిండు పేరు, చిరునామా రాసివ్వాలి, అవి ఎదుటి కంపెనీకి చేరతాయి. అమెరికా ఫెడరల్ కోర్టు పరిధికి ఒప్పుకుంటున్నానని కూడా సంతకం చెయ్యాలి. బుర్రిపాలెం రోడ్డులో ఉండే కుర్రాడు కాలిఫోర్నియా కోర్టుకి తలవంచుతానని రాసివ్వాలన్నమాట. వాడికి పాస్‌పోర్టే లేదు. యూట్యూబ్‌లో 90 రోజుల్లో మూడు స్ట్రైకులు, అంటే కాపీరైట్ తప్పు మార్కులు, పడితే ఛానెలే పోతుంది. అందుకే న్యాయం తన పక్షాన ఉన్నా వీళ్లు నోరెత్తరు, వీడియో తీసేసుకుని ఇంకోటి పెట్టుకుంటారు.

మా వాడికి దెబ్బ ఎప్పుడు తగిలినా అది ఆట చేసినవాళ్ల నుంచి తగల్లేదు. ఓసారి కార్ల ఆట ఆడుతున్నాడు. ఆట కంపెనీ అనుమతి శుభ్రంగా ఉంది. ఆటలోని కారులో రేడియో ఉంది, ఆ రేడియోలో పాట వచ్చింది. పొద్దున్నే లేచి చూసేసరికి ఆ వీడియో పక్కన ఎర్రక్షరాలు. "క్లెయిమ్ పడింది మావయ్యా" అని ల్యాపుటాప్ నా ఒళ్లో పెట్టాడు. నాలుగు గంటల వీడియోలో ఎక్కడో నలభై సెకన్ల దగ్గర గీత గీసి, ఈ పాట మాది, మొత్తం వీడియో ఆదాయం మాకే అని ఓ సంగీత కంపెనీ. ఆట చేసినవాళ్లు ఆ పాటని ఆటలో పెట్టడానికి హక్కు కొన్నారు గానీ, ఆడినవాడు నలుగురికీ వినిపించడానికి కొనలేదు. ఉమ్మడి కుటుంబంలో పెద్దాయన రమ్మన్నా చిన్న తమ్ముడు తలుపు తియ్యలేదు. ఈ బెడద ఎంత పెరిగిందంటే, 2020లో వచ్చిన 'సైబర్‌పంక్ 2077' లో ఇలాంటి పాటలు రాకుండా చేసే మీటని సెట్టింగుల్లోనే ఇచ్చారు. మా వాడు ఇప్పుడు ఏ కారెక్కినా ముందు రేడియో కట్టేస్తాడు. నిజం కారులోనూ అదే అలవాటైంది, వాళ్లమ్మకి అదో చిరాకు.

ఇంతసేపూ కుర్రాళ్ల పక్షం మాట్లాడాను. రెండో వైపూ ఉంది, అదీ చిన్నది కాదు. 2016 జనవరిలో 'దట్ డ్రాగన్, కేన్సర్' అనే ఆట వచ్చింది. ర్యాన్ గ్రీన్, అతని భార్య ఎమీ, మరికొందరు మిత్రులు కలిసి చేశారు. గ్రీన్ దంపతుల కొడుకు జోయెల్‌కి పసితనంలోనే కేన్సర్. ఆట తయారవుతుండగానే, 2014లో, ఆ బిడ్డ పోయాడు. ఆటలో మనం చేసేది పెద్దగా ఏమీ ఉండదు. ఆసుపత్రి గదిలో ఆ తండ్రితో పాటు కూర్చుంటాం, ఏడుస్తున్న పిల్లాణ్ణి ఊరుకోబెట్టడానికి ప్రయత్నించి విఫలమవుతాం, బాతులకి రొట్టె వేస్తాం. రెండు గంటల్లో అయిపోతుంది. దాన్ని ఎందరో ఆడి, కన్నీళ్లు పెట్టుకుంటూ వీడియోలు పెట్టారు. లక్షల మంది చూశారు. చూసినవాళ్లలో చాలామందికి ఇక కొనే అవసరం కనబడలేదు. రెండు నెలలకి ర్యాన్ ఒక లేఖ రాశాడు. ఆడి చూపించే సంస్కృతి మీద నాకు కోపం లేదు, కానీ అమ్మకాల్లో మా చేతికి ఇంకా ఏమీ మిగల్లేదు, వీడియో చూసినవాళ్లలో కొందరైనా తలా ఒక్క డాలరిస్తే మేం పని కొనసాగించగలం అన్నాడు. నేను చదివిన కాపీరైట్ రాతలన్నిట్లో నన్ను ఇబ్బంది పెట్టింది అదొక్కటే. ఎందుకంటే ఆ వీడియోని నేనూ చివరిదాకా చూశాను, ఆట మాత్రం కొనలేదు.

ఆనాటి న్యాయమూర్తులు అన్న ఛానెల్ మార్చడం ఇలాంటి ఆటల విషయంలో ముప్పావు నిజం. తుపాకుల ఆటని వెయ్యిసార్లు చూసినా ఆడాలనే ఉంటుంది, క్రికెట్ చూసినవాడు బ్యాటు కొన్నట్టు. కథ ఆటని ఒకసారి చూస్తే తీరిపోతుంది. జపాన్‌కి చెందిన అట్లస్ కంపెనీ 'పెర్సోనా 5' విషయంలో ఈ భయంతోనే హడావిడి చేసింది. ఆ ఆట ఒక బడి పిల్లాడి ఏడాది జీవితం, రోజులు క్యాలెండరు ప్రకారం గడుస్తాయి. 2017 ఏప్రిల్లో ఇంగ్లీషులో విడుదల చేస్తూ, ఆటలోని జులై 7 దాటాక ఏమీ చూపించకూడదు, చూపిస్తే స్ట్రైకు పడొచ్చు అని బెదిరించింది. ప్లేస్టేషన్ మీది షేర్ బటన్‌ని ఆ ఆటలో పనిచెయ్యకుండా చేసింది. జనం తిట్టిపోస్తే కొద్ది వారాలకే క్షమాపణ చెప్పి, గీతని నవంబరు 19కి జరిపింది. బెదిరించిన తీరు నాకు నచ్చలేదు గానీ, గీత ఉండాలన్న ఆలోచన తప్పనలేను.

అదే జపాన్‌లో గీత దాటినవాడికి జైలు గుమ్మం కనబడింది. 'స్టైన్స్ గేట్' కథల్లోని ఓ ఆటని, బొమ్మలూ సంభాషణలే తప్ప ఆడేదంతగా లేనిదాన్ని, ముగింపుతో సహా వీడియోగా పెట్టి డబ్బు చేసుకున్న ఒకతన్ని 2023లో అరెస్టు చేశారు. సెండాయ్ జిల్లా కోర్టు ఆ సెప్టెంబరులో రెండేళ్ల జైలు వేసి, దాన్ని ఐదేళ్లు నిలిపి ఉంచి, పది లక్షల యెన్లు జరిమానా విధించింది. ఆడి చూపించిన వీడియోకి ఆ దేశంలో అలా శిక్ష పడడం అదే మొదటిసారి. అతను కొన్ని యానిమేలు కూడా కుదించి పెట్టాడు, కాబట్టి పూర్తిగా ఆటగాడి కేసు అనలేం. అయినా జైలు శిక్ష నాకు అతిగానే తోస్తుంది. డబ్బుతో తీరే తగవుకి డబ్బే చాలు.

నన్నడిగితే ఆటలన్నిటికీ ఒకే చట్టం, ఒకే అనుమతి అనడం దగ్గరే తిరకాసుంది. నైపుణ్యంతో ఆడే ఆటలో ఆడినవాడికి కర్తృత్వంలో వాటా ఇవ్వాలి, ఇంకొకరి దయ మీద వదలకూడదు. ఆ ఓర తలుపు వాడికోసం ఇంకాస్త తెరవాలి. కథ ఆటలో చేసినవాడి మాట నెగ్గాలి, కొన్నాళ్లపాటైనా. మధ్యలో వందరకాలుంటాయి, వాటిని ఎలా తూచాలో తేల్చడానికి కంపెనీ లాయరు రాసిన పేజీ కన్నా మంచి చోటు కావాలి.

ఈ మధ్య మా వాడు మన దేశంలోనే నలుగురైదుగురు కలిసి చేసిన ఓ కథ ఆట ఆడదామనుకున్నాడు. వాళ్ల సైట్‌లో మార్గదర్శకాల పేజీ లేదు. అంత చిన్న బృందానికి లాయరెక్కడ? నా పోరు పడలేక వాళ్లకి మెయిలు పెట్టాడు, తెలుగులో వ్యాఖ్యానం చెబుతూ మీ ఆటని చూపించుకోవచ్చా అని. మరునాటికే జవాబొచ్చింది. నిక్షేపంలా చూపించండి, తెలుగులోనంటే ఇంకా సంతోషం, కొనుక్కునే లింకు కింద పెట్టండి, ఆఖరి అధ్యాయం మాత్రం ఓ నెల ఆగి పెట్టండి అని.

వాడికి ఆ చివరి ముక్క మింగుడు పడలేదు. భోజనాల దగ్గర గొణుగుతూనే ఉన్నాడు. "ఆఖరి అధ్యాయానికే గదా మావయ్యా వ్యూస్ వచ్చేది. అది లేకుండా ఏం పెట్టమంటారు?"

మా అక్క పెరుగు వడ్డిస్తూ అంది, "అందుకే గదరా ఆగమన్నారు."

"ఓ నెలంటే అందరూ మర్చిపోతారే అమ్మా."

"అయితే పదిహేను రోజులకి బేరమాడు. మనుషులే గదా, మెయిలు పెట్టు."

పెట్టాడు. మూడు వారాలకి ఖాయమైంది.